‘సైలెంట్ సెట్’ కొన్నవాళ్లకూ, బుక్ చేసుకున్నవాళ్లకూ

దసరా తర్వాత మా దగ్గర సైలెంట్ సెట్, అంటే శబ్దం లేకుండా నడిచేలా మేం కూర్చి ఇచ్చే కంప్యూటర్, తీసుకున్నవాళ్లలో కొందరికి ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు అందించే పవర్ సప్లై డబ్బా) నుంచి సన్నగా టిక్ టిక్ మని శబ్దం వస్తోంది. ఒక లాట్‌లో వచ్చినవాటికే ఈ సమస్య. ఆ లాట్ వెళ్లిన ప్రతి ఇంటికీ ఎస్‌ఎంపీఎస్ మార్చి ఇస్తాం, పైసా తీసుకోం. బిల్లు పోయినా ఫర్వాలేదు, సీరియల్ నంబర్లు మా రిజిస్టర్‌లో ఉన్నాయి. కొత్త బుకింగ్‌లు ఎందుకు ఆపామో, రేటు ఎందుకు 1,600 రూపాయలు పెరుగుతోందో కూడా మీకు తెలియాలి.

మొదట ఫోన్ చేసింది మౌలాలి నుంచి ఒక మేడమ్. ఇంట్లో రాత్రిపూట పాఠాలు రికార్డ్ చేస్తారు. పగలు ఏమీ వినిపించదు, రాత్రి మైక్‌లో మాత్రం పడుతోంది అన్నారు. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో మా షాపులో పగటిపూట ఆ శబ్దం పట్టుకోవడం కుదరని పని. షట్టర్ దించాక, క్యాబినెట్ ఫ్యాన్లు ఒక్కొక్కటే పీకేసి, ప్రాసెసర్ ఫ్యాన్ కూడా ఒక్క క్షణం ఆపి విన్నాం. శబ్దం పోలేదు. మిగిలింది ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే.

స్టాక్‌లో ఉన్న పాత లాట్ పీసునీ కొత్త లాట్ పీసునీ పక్కపక్కన పెట్టి చూశాం. డబ్బా అదే, మోడల్ నంబర్ అదే, స్టిక్కర్ మీద వాట్లు అవే. జాలీలోంచి టార్చి వేసి చూస్తే లోపలి ఫ్యాన్ వేరు. పాతదాంట్లో ఫ్లూయిడ్ బేరింగ్ ఫ్యాన్ ఉండేది, కొత్తదాంట్లో మామూలు స్లీవ్ బేరింగ్. స్లీవ్ బేరింగ్ ఫ్యాన్ నిలువుగా ఉన్నప్పుడు బాగానే పనిచేస్తుంది. ఎస్‌ఎంపీఎస్‌లో ఫ్యాన్ పడుకుని ఉంటుంది, చుట్టూ వేడి. నూనె ఆరిపోయి బేరింగ్ త్వరగా అరుగుతుంది, నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆ టిక్ బయటపడుతుంది. ఫ్యాన్ ఒక్కటీ మార్చేయొచ్చు కదా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. ఎస్‌ఎంపీఎస్ విప్పితే వారంటీ పోతుంది. అంతకంటే ముఖ్యం, ప్లగ్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. దయచేసి మీరు కూడా విప్పకండి.

డిస్ట్రిబ్యూటర్‌కి ఇదంతా వీడియో తీసి పంపాను. వచ్చిన జవాబు: “అన్నా, పవర్ వస్తోంది, ఫ్యాన్ తిరుగుతోంది, ఇంక ఫాల్ట్ ఏముంది? శబ్దం వారంటీలోకి రాదు. అయినా అది ఎవరికి వినిపిస్తుంది?” ఆ చివరి మాట నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు. మా దగ్గరికి వచ్చేవాళ్లంతా అది వినిపించేవాళ్లే. పడుకున్న పిల్లల పక్కన రాత్రి షిఫ్ట్ చేసేవాళ్లు, సంగీతం నేర్పేవాళ్లు, ఒకే గదిలో ఇల్లు నడుపుకునేవాళ్లు. రంగురంగుల లైట్లు వెలిగే కంప్యూటర్ల కోసం వచ్చేవాళ్లకు ఈ మార్కెట్‌లో షాపులకు కొదవ లేదు. చిన్న బడ్జెట్‌లో నిశ్శబ్దంగా ఉండే కంప్యూటర్ కోసమే మనుషులు మా మెట్లెక్కుతారు. ఆ డిస్ట్రిబ్యూటర్ నాకు 45 రోజుల ఉద్దెర ఇచ్చేవాడు. చిన్న షాపుకి అది ఎంత ఆసరానో వ్యాపారం చేసేవాళ్లకు తెలుసు. అయినా ఇక అతని దగ్గర స్క్రూ కూడా కొనను. కొత్త డీలర్ చేతిలో డబ్బు పడితేనే మాల్ ఇస్తాడు. అలాగే కొంటున్నాను.

అతను ఇచ్చిన ఎస్‌ఎంపీఎస్ స్థానంలో ఏది పెట్టాలన్నదే నన్ను ఎక్కువ సతాయించింది, అది తేలేదాకానే బుకింగ్‌లు ఆపాం. లోడ్ తక్కువగా ఉంటే ఫ్యాన్ అసలు తిరగని ‘జీరో ఫ్యాన్’ రకాలు ఉన్నాయి, ఎక్కువగా గోల్డ్ రేటింగ్‌లో దొరుకుతాయి (ఈ రేటింగ్ కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో చెబుతుంది, బ్రాంజ్ గోల్డ్ కంటే కిందిది). మన సెట్‌లో ఉండేది రైజెన్ 5 5600జీ, 65 వాట్ల ప్రాసెసర్, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండదు. మొత్తం సెట్ గట్టిగా పనిచేసినా వంద వాట్ల చుట్టుపక్కలే. అంత లోడ్‌లో ఫ్యాన్ దాదాపు ఆగే ఉంటుంది. వినడానికి ఇంతకంటే మంచిది లేదనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది, ఒకటి తెచ్చి సెట్‌లో పెట్టాను కూడా.

కానీ మన హైదరాబాద్ మే నెల సంగతి వేరు. బయట 40 దాటుతుంది, ఏసీ లేని గదిలో వేడి పేరుకుంటుంది. అప్పుడు ఆ ఫ్యాన్ కాసేపు తిరిగి, కాసేపు ఆగి, మళ్లీ మొదలవుతుంది. ఒకే తీరుగా ఉండే మెల్లని శబ్దాన్ని చెవి మర్చిపోతుంది, ఆగి మొదలయ్యేదాన్ని మర్చిపోదు. పైగా వంద వాట్ల దగ్గర గోల్డ్‌కీ బ్రాంజ్‌కీ కరెంటులో తేడా ఐదారు వాట్లే. దానికోసం మీచేత అంత అదనం పెట్టించడం నాకు న్యాయంగా తోచలేదు. చివరికి ఫ్లూయిడ్ బేరింగ్‌తో 120 ఎంఎం ఫ్యాన్ ఉన్న బ్రాంజ్ ఎస్‌ఎంపీఎస్ ఖాయం చేశాను. ఎప్పుడూ నెమ్మదిగా తిరుగుతూనే ఉంటుంది. ఫ్యాన్ వేగం సగమైతే శబ్దం సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది, పది తగ్గితేనే చెవికి సగమైనట్టు ఉంటుంది. జీరో ఫ్యానే కావాలని పట్టుబట్టేవాళ్లకు అదే పెట్టిస్తాను, నా అభిప్రాయం చెప్పాకే.

పెరిగిన 1,600లో సగానికి పైగా ఈ ఎస్‌ఎంపీఎస్‌దే. మిగతాది ప్రాసెసర్‌ని చల్లబరిచే 120 ఎంఎం టవర్ కూలర్‌కి. ప్రాసెసర్‌తో వచ్చే చిన్న కూలర్ వేగం పెరిగితే కీచుమంటుంది కాబట్టి వాడం, కానీ అది మీదే, డబ్బాలో పెట్టి ఇస్తాం. ముందువైపు అద్దం ఉన్న క్యాబినెట్ తీసేశాం, జాలీ ఉన్నదే ఇస్తాం. గాలి బాగా ఆడితే ఫ్యాన్లు మెల్లగా తిరిగినా చాలు.

ర్యామ్ రేటు ఏ రోజుది ఆ రోజే. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో రేట్లు పెరిగాయి, ర్యామ్ తయారుచేసే మైక్రాన్ సంస్థ 2025 డిసెంబరులో తన క్రూషియల్ బ్రాండ్‌నే ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఖర్చు తగ్గుతుందని ఒకే స్టిక్ వేయమనకండి. ఈ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ ర్యామ్ మీదే బతుకుతుంది, 8 జీబీవి రెండు ఉంటేనే దాని సత్తా తెలుస్తుంది.

ఎస్‌ఎంపీఎస్ మార్చడానికి అరగంట చాలు. ఎస్‌ఎస్‌డీ ముట్టుకోం, మీ ఫైళ్లకు ఏమీ కాదు. జంట నగరాల్లో ఉన్నవాళ్ల ఇంటికి మా అబ్బాయే వస్తాడు. వరంగల్, కరీంనగర్ వాళ్లకు కొత్తది ఆర్టీసీ కార్గోలో ముందు పంపిస్తాం, మీ దగ్గరున్న మెకానిక్ కూలి మేమిస్తాం, పాతది తర్వాత తిరిగి పంపండి. ఒక్కటి గమనించండి: కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు మాత్రమే జుయ్ మంటుంటే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ వల్ల వచ్చే శబ్దం, ఎస్‌ఎంపీఎస్ మార్చినా పోదు.

బుకింగ్‌లు సోమవారం నుంచి మళ్లీ తీసుకుంటాం. అడ్వాన్స్ ఇచ్చి ఆగినవాళ్లందరికీ పాత రేటే, ర్యామ్‌తో సహా. ఆ తేడా నేను భరిస్తాను. రేటు తగ్గించడానికి ఊరూపేరూ లేని ఎస్‌ఎంపీఎస్ వేయమని మాత్రం ఎవరూ అడగొద్దు, వేయను.