చలి నేలలో డీజిల్: బస్తాల లెక్క కాదు, నత్రజని లెక్క చూడండి

సంపాదకులకు,

మంచు ప్రాంతాల బ్యాక్టీరియా చమురును తినేస్తుందన్నది నిజమే. ఆ బ్యాక్టీరియా పొడిని బస్తాలకొద్దీ తెచ్చి, లద్దాఖ్ లాంటి చోట్ల డీజిల్ కారిన నేల మీద చల్లితే చాలన్నది మాత్రం భ్రమ. చమురు తినే రోడోకాకస్, సూడోమొనాస్ జాతులు చల్లటి మట్టిలో సాధారణంగా ముందే ఉంటాయి. వాటి కణపొర చలికి బిగుసుకుపోదు, ఎంజైములు సున్నా డిగ్రీల దగ్గర కూడా పనిచేస్తాయి. అంటార్కిటికాలోని షిర్మాకర్ ఒయాసిస్ మట్టి బ్యాక్టీరియా మీద మన హైదరాబాద్ సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) దశాబ్దాల క్రితమే పని మొదలుపెట్టింది.

డీజిల్ కారిన నేలలో బ్యాక్టీరియాకు కొరత పోషకాల్లో. డీజిల్‌లో కార్బన్ పుష్కలం, నత్రజని, భాస్వరం దాదాపు శూన్యం. అందుకని యూరియా గుమ్మరిస్తారు, పని అక్కడే చెడుతుంది.

లెక్క చూడండి. కిలో మట్టిలో 5,000 మి.గ్రా. డీజిల్ ఉంటే టన్నుకు 5 కిలోలు, అందులో కార్బన్ సుమారు 4.3 కిలోలు. 100 పాళ్ల కార్బన్‌కు 10 పాళ్ల నత్రజని, 1 పాలు భాస్వరం అన్న వాడుక సూత్రం ప్రకారం 430 గ్రాముల నత్రజని, అంటే 930 గ్రాముల పైచిలుకు యూరియా కావాలి. కానీ ఏడాదికి సుమారు 100 మి.మీ. వాన పడే లేహ్‌లో మట్టికి తడి తక్కువ. పది శాతం ఉందనుకున్నా టన్నుకు 100 లీటర్ల నీరే. యూరియా అంతా ఒకేసారి వేస్తే లీటరు నీటికి 4,300 మి.గ్రా. నత్రజని చేరుతుంది. 2,000 దాటితే చాలు, గాఢమైన ఆ నీరు కణాల్లోని తడిని లాగేసి బ్యాక్టీరియా నీరసిస్తుంది. ఉప్పు ఆవకాయను కాపాడేదీ ఈ కిటుకుతోనే. పైగా అక్కడి మట్టి క్షార గుణం వల్ల యూరియా అమ్మోనియాగా మారి కొంత గాలిలో కలిసిపోతుంది. కాబట్టి 310 గ్రాముల చొప్పున మూడు విడతలు వేయాలి. ప్రతి విడతకు ముందు నత్రజని, తడి పరీక్షించాలి. మధ్యలో మట్టిని తిరగవేయాలి, ఆక్సిజన్ అందకపోతే ఎంత ఎరువు వేసినా దండగ. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ నౌక చమురు ఒలికినప్పుడు తీరంలో నెమ్మదిగా కరిగే పూత ఎరువు వాడింది కూడా పోషకాలు ఒకేసారి కాక కొద్దికొద్దిగా అందాలనే. అక్కడ గులకరాళ్ల అడుగున గాలి, పోషకాలు సరిగా అందని చోట చమురు దశాబ్దాల తర్వాత కూడా కనిపించింది.

వేడి చేస్తే వేగం పెరుగుతుందని మట్టి కుప్పపై నల్ల ప్లాస్టిక్ కప్పుతారు. పది, పదిహేను డిగ్రీల దాకా అది మేలే. అసలైన శీతల జీవులు మాత్రం 20 డిగ్రీలు దాటితే పెరగవు. అందుకే కుప్ప లోపల థర్మామీటర్ పెట్టి చూసుకోవాలి.

అన్నిటికంటే పెద్ద మోసం కొలతలో ఉంది. డీజిల్ తగ్గిందని రిపోర్టు వస్తుంది. అది ఆవిరైందా, శుభ్రమైన మట్టి కలిపారా, బ్యాక్టీరియా తిన్నదా? డీజిల్‌లోనే ఉండే 17 కార్బన్ల నేరు గొలుసు అణువు, ప్రిస్టేన్ అనే కొమ్మల గొలుసు అణువు ఎంతెంత మిగిలాయో పోల్చి చూస్తే తేలిపోతుంది. రెండూ దాదాపు ఒకే తీరున ఆవిరవుతాయి, బ్యాక్టీరియా మాత్రం ముందుగా నేరు గొలుసునే తింటుంది. ఈ నిష్పత్తి పడిపోకపోతే బ్యాక్టీరియాకు బిల్లు చెల్లించనక్కర్లేదు. టెండర్లలో బస్తాల సంఖ్య తీసేసి, ఈ నిష్పత్తి, నత్రజని, తడి, ఉష్ణోగ్రత రాయాలని మా విన్నపం. సీసం వంటి లోహాలు కూడా అక్కడ ఉంటే వాటికి వేరే టెండరు పిలవాలి, వాటిని ఏ బ్యాక్టీరియా తిని మాయం చేయలేదు.

అంటార్కిటికాలో మన మైత్రి, భారతి కేంద్రాల దగ్గరైతే బస్తాల ప్రసక్తే రాకూడదు. 1991 నాటి మాడ్రిడ్ ఒప్పందం ప్రకారం బయటి జీవులను అనుమతి లేకుండా అక్కడికి తీసుకెళ్లకూడదు.

– ఒక పాఠకుడు, హైదరాబాద్