శ్రీలంక ప్లాన్ గురించి శ్రీనుకి

శ్రీనూ,

నువ్వు పంపిన లిస్టు చూశాన్రా. ఆరు రోజుల్లో సిగిరియా, క్యాండీ, ఎల్లా, గాలె, ట్రింకోమలీ, జాఫ్నా! మ్యాపులో ఆ దేశం అరచేతంత కనబడుతుంది కాబట్టి చాలామంది ఇలాగే రాసుకుంటారు. కానీ ఎక్స్‌ప్రెస్‌వే దిగితే అక్కడి రోడ్లు చాలావరకు రెండు లైన్లవే, ఊళ్ళ మధ్యలోంచే పోతాయి. గంటకి 40 కిలోమీటర్లు సాగితే గొప్ప. కొండల్లో అదీ సాగదు. ఈ ప్లాన్‌తో వెళ్తే అమ్మకీ, చెల్లెమ్మకీ వ్యాను కిటికీ తప్ప ఇంకేం గుర్తుండదు. కనీసం ఎనిమిది రాత్రులు చెయ్యి, జాఫ్నా కొట్టేయ్.

ట్రింకోమలీ సంగతి వేరు. అష్టాదశ శక్తిపీఠాల్లో మొదటిదైన శాంకరీదేవి అక్కడే కాబట్టి అమ్మ వదలదు, వదలమని అడగడం కూడా బాగోదు. అలాగని అక్కడ రాత్రి బస అక్కర్లేదు. సిగిరియా నుంచి సుమారు 100 కిలోమీటర్లు. తెల్లవారుజామున బయల్దేరి ఆ అమ్మవారున్న కోణేశ్వరం గుడిలో దర్శనం చేసుకుని సాయంత్రానికి వెనక్కి వచ్చేయొచ్చు. పాత గుడిని 17వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు కూల్చేశారు, ఇప్పుడున్నది తర్వాత కట్టింది. సముద్రం మీదికి నిటారుగా నిలిచిన కొండ అంచున ఉంటుంది, చూసి తీరాలి. బీచ్ మాత్రం అక్కడ పెట్టుకోకు. మీరు వెళ్ళేది ఫిబ్రవరిలో, ఈశాన్య రుతుపవనాల తర్వాత తూర్పు సముద్రం పూర్తిగా కుదుటపడేసరికి ఏప్రిల్ వస్తుంది. అదే ఫిబ్రవరిలో దక్షిణ తీరం హాయిగా ఉంటుంది. మే నుంచి సెప్టెంబరు దాకా దీనికి తలకిందులు. ఆ దేశంలో ఏ నెలలో వెళ్తున్నామో చూసి తీరం ఎంచుకోవాలి.

విమానాశ్రయం కొలంబోలో కాదు, కటునాయకేలో ఉంది. రాత్రి దిగితే పక్కనే ఉన్న నెగొంబోలో పడుకుని, పొద్దున్నే నేరుగా సిగిరియాకి వెళ్ళిపోండి. నాలుగు గంటల దారి.

సిగిరియాకి మూడు రాత్రులు ఇవ్వు. చదునైన అడవి మధ్య ఒక్కసారిగా 200 మీటర్ల దాకా లేచిన రాయి అది. తండ్రిని చంపి గద్దెనెక్కిన కాశ్యపుడు 5వ శతాబ్దంలో దాని నెత్తిన కోట కట్టుకున్నాడు. మెట్లు 1200 దాకా ఉంటాయి. ఆరున్నరకల్లా గేటు దగ్గరుంటే ఎండెక్కేలోపు దిగొచ్చేస్తారు. తొమ్మిది దాటాక వెళ్తే పైనున్న ఇరుకు ఇనుప మెట్ల మీద జనం ఒకరి వెనక ఒకరు ఇరుక్కుపోయి, నీడ లేకుండా నిలబడాలి. ఒక్కొక్కళ్ళు లీటరు నీళ్ళు పట్టుకోండి, పైన దొరకవు. అందరి అసలు పాస్‌పోర్టులూ దగ్గరుంచుకో. మనతో సహా సార్క్ దేశాలవాళ్ళకి టికెట్టు దాదాపు సగం ధరే, కానీ జిరాక్సు కాపీని నమ్ముకోకు.

సగం దూరంలో ఇనుప మెలి మెట్లెక్కితే రాతి గూట్లో ఆడవాళ్ళ వర్ణచిత్రాలు. అక్కడ ఫొటోలు తీయనివ్వరు. దాటగానే అద్దాల గోడ. ఒకప్పుడు మొహం కనబడేంత నునుపుగా ఉండేదట. 8వ శతాబ్దం నుంచీ చూడ్డానికొచ్చినవాళ్ళు ఆ చిత్రాల్లోని ఆడవాళ్ళ మీద పద్యాలు గీకి వెళ్ళారు. సెనరత్ పరణవితాన అనే పురాతత్వవేత్త వాటిలో 685 చదివి అచ్చువేశాడు. తర్వాత సింహం పాదాలు. ఒకప్పుడు సింహం మొత్తం ఉండేది, నోట్లోంచి పైకెక్కేవాళ్ళు. ఇప్పుడు రెండు పంజాలే మిగిలాయి. ఇనుప మెట్లెక్కుతూ పక్కనున్న రాయిని చూడు, వరసగా గాడులు కనిపిస్తాయి. పాత ఇటుక మెట్లు జారకుండా ఆనించడానికి చెక్కినవి అవి. ఆ వాలు చూస్తే పనివాళ్ళు ఎలా నిలబడ్డారా అనిపిస్తుంది. ఆ రాతికే కందిరీగల తుట్టెలు ఉంటాయి. అరుపులకి లేస్తాయి, లేస్తే ఎక్కడం ఆపేస్తారు. పిల్లలకి ముందే చెప్పు.

అమ్మ మోకాళ్ళకి ఇది వద్దు. కింద నీటి తోటల్లో నడిస్తే చాలు. వాన కాలంలో అక్కడి ఫౌంటెన్లు పదిహేను వందల ఏళ్ళ తర్వాత కూడా నీటి ఒత్తిడితోనే చిమ్ముతాయి. ఒక్కటి గుర్తుపెట్టుకో: దిగే దారి వేరు, ఎక్కిన చోటికి రాదు. అమ్మ ఎక్కడ కూర్చుంటుందో, డ్రైవరు ఎక్కడుంటాడో ముందే అనుకోండి.

దంబుల్లా గుహలకి మెట్లు చాలా తక్కువ, అమ్మ మెల్లగా ఎక్కగలదు. టికెట్టు కిందే తీసుకోవాలి, లేకుండా ఎక్కితే మళ్ళీ దిగాల్సిందే. అయిదు గుహలు, మొదటిదాంట్లో ఒకే రాతిలో తొలిచిన 14 మీటర్ల శయన బుద్ధుడు. బౌద్ధాలయాల్లో చెప్పులూ, టోపీలూ తీసేయాలి. మధ్యాహ్నం రాయి కాలిపోతుంది, సాక్సులు వేసుకోవచ్చు. బుద్ధుడికి వీపు పెట్టి సెల్ఫీలు తీసుకోవద్దు, అక్కడ అది పెద్ద అపచారం.

ఆ గుహల్లోని బొమ్మలు చాలావరకు 18వ శతాబ్దంలో క్యాండీ రాజు కీర్తిశ్రీ రాజసింహుడి కాలంలో తిరిగి వేసినవి. ఆయన మనకి పరాయివాడు కాదురా. క్యాండీని చివర్లో ఏలిన నలుగురు రాజులూ తెలుగు మూలాలున్న మదురై నాయకుల బంధువర్గమే. 1739లో సింహళ రాజు వారసుడు లేకుండా పోతే రాణి సోదరుడు గద్దెనెక్కాడు. ఆ వంశం బౌద్ధం తీసుకుని, క్యాండీలో బుద్ధుడి దంతం ఉన్న దంతధాతు ఆలయాన్ని నెత్తిన పెట్టుకుంది. ఆలయం ముందున్న అష్టకోణ మండపం, ఎదురుగా చెరువు ఆఖరి రాజు విక్రమ రాజసింహుడివి. 1815లో ఇంగ్లీషువాళ్ళు ఆయన్ని దించి వేలూరు కోటలో ఉంచారు, 1832లో అక్కడే పోయాడు. కాబట్టి క్యాండీని దాటుకుంటూ పోకు, ఒక సాయంత్రం కూర్చో. ఆ ఆలయంలో ఆరున్నర పూజకి అరగంట ముందే మేడ మీద వరసలో ఉండండి. తలుపు పూజ వేళే తెరుస్తారు. కనబడేది బంగారు పేటిక, లోపలి దంతం కాదు. భుజాలూ, మోకాళ్ళూ కప్పుకోవాలి. చీర, పంచె నిక్షేపంలా పనికొస్తాయి.

క్యాండీ నుంచి ఎల్లా రైలు ఆరేడు గంటలు. అమ్మ అంతసేపు కూర్చోలేదు. దారిలోని నాను ఓయ స్టేషన్ దాకా కారులో వెళ్ళి, అక్కడ రైలెక్కండి. తేయాకు కొండలు, హపుతలే దగ్గర లోయలు, అసలు అందమంతా ఆ ముక్కలోనే ఉంది. సామాను కారులోనే పంపించెయ్. ఏసీ పెట్టె వద్దు, కిటికీలు తెరుచుకోవు. సెకండ్ క్లాసు రిజర్వేషన్ తీసుకో. తలుపు దగ్గర వేలాడి ఫొటోలంటే మీవాడు తయారుగా ఉంటాడు, గట్టిగా చెప్పు: సొరంగాలు, కొమ్మలు రైలుకి ఆనుకునే ఉంటాయి, అలా పడి చనిపోయినవాళ్ళున్నారు. కొండచరియలు పడితే లైను ఆపేస్తారు, ముందురోజు స్టేషన్‌లో అడిగి తెలుసుకో.

ఎల్లాలో తొమ్మిది కమానుల వంతెన, అంతే. 1921లో ఉక్కు లేకుండా ఇటుక, రాయి, సిమెంటుతో కట్టారు. రైలు వేళ బస చేసినచోట కనుక్కుని అరగంట ముందు వెళ్ళండి. అక్కణ్ణుంచి గాలెకి వెళ్తూ దారిలో ఉడవలవే నేషనల్ పార్కులో ఆగితే ఏనుగులు కనిపిస్తాయి. లిస్టులో సిగిరియా పక్కన నువ్వు రాసుకున్న మిన్నేరియా ఏనుగుల గుంపు ఆగస్టు, సెప్టెంబరు సంగతి. చెరువు తగ్గి గడ్డి మొలిచినప్పుడే అవి అన్నీ చేరతాయి. గాలె కోట గోడ మీద సాయంత్రం నడవండి, క్రికెట్ స్టేడియం మొత్తం కనబడుతుంది.

తిండి గురించి చెల్లెమ్మకి చదివి వినిపించు. కొబ్బరి సంబల్ చూడ్డానికి అచ్చం మన పచ్చడే, పైగా కారం. కానీ అందులో ఉంబలకడ అనే ఎండుచేప పొడి వేస్తారు. పప్పులో, కూరల్లో కూడా వేస్తారు, దాన్ని వాళ్ళు మాంసం కింద లెక్కేయరు. శాకాహారం అని చెబితే సరిపోదు. ‘ఉంబలకడ ఎపా’ అనాలి, అంటే వద్దని. ఇడియాప్పం, అప్పం, పెరుగు మీద కితుల్ (ఒక రకం తాటిజాతి చెట్టు) పాకం అమ్మకి నిశ్చింతగా పెట్టొచ్చు.

రైలు టికెట్లు 30 రోజుల ముందు తెరుస్తారు, త్వరగా అయిపోతాయి. ముందు ఆ తేదీ ఖాయం చేసుకుని, దానికి అటూ ఇటూ హోటళ్ళు బుక్ చెయ్యి. పౌర్ణమి రోజున పడకుండా చూడు, అక్కడ ప్రతి పౌర్ణమీ సెలవే, రైళ్ళు కిక్కిరిసిపోతాయి. వీసా కాగితం శ్రీలంక ప్రభుత్వ సైట్‌లోనే తీసుకో, అలాంటి పేర్లతో ఎక్కువ డబ్బు గుంజే సైట్లున్నాయి. కొత్త లిస్టు రాసి పంపు, చూస్తాను.

నీ
మురళి