ముందు నీటి లోతు తేల్చు

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం అందింది. మెరీనా, అంటే విహార పడవలు ఆగే రేవు, దాని బొమ్మ బాగుంది గానీ, అందులో హోటలూ షాపులే కనిపిస్తున్నాయి. నీటి లోతు ఎక్కడా రాయలేదేం?

12 మీటర్ల పొడవున్న తెరచాప యాట్‌కి (విహార పడవకి) అడుగున ఉండే బరువైన రెక్క, కీల్, నీళ్ళలో దాదాపు 2 మీటర్లు దిగి ఉంటుంది. అల కిందికి దించినా అడుగు తగలకూడదు కాబట్టి, నీరు బాగా తీసిన ఆటు వేళ కూడా 3 మీటర్లు ఉండాల్సిందే. కట్టిన కొత్తలో ఉంటుందిలే, తర్వాతే అసలు తంటా. ఒడ్డు వెంబడి నడిచే ఇసుకని బ్రేక్‌వాటర్, అంటే అలల్ని అడ్డుకునే రాతి గోడ, ఆపేస్తుంది. ఒక పక్క మేట వేస్తుంది, రెండో పక్క తీరం కోసుకుపోతుంది, కొస దాటి వచ్చిన ఇసుక సరిగ్గా ముఖద్వారంలో పడుతుంది. పూడిక తీతకి ఏటా డబ్బు పక్కన పెట్టని మెరీనాలో ఎవరిదో ఒక యాట్ నేలకి తగులుకుంటుంది. ఆ కబురు కెప్టెన్లందరికీ చేరడానికి ఎంతోసేపు పట్టదు.

కరెంటు విషయం అందరూ తేలిగ్గా తీసుకుంటారు. ఒడ్డు నుంచి ఇచ్చే కనెక్షన్‌లోని ఎర్త్ వైరు పక్కపక్క పడవల్ని ఒకదానికొకటి కలిపేస్తుంది. ఒకదాని కింద కంచు ప్రొపెల్లర్, ఇంకోదాని కింద ప్రొపెల్లర్‌ని తిప్పే అల్యూమినియం డ్రైవ్, మధ్యలో ఉప్పునీరు: బ్యాటరీ తయారైనట్టే. డ్రైవ్‌కి బదులు తాను అరిగిపోయేలా బిగించే జింక్ ముక్క, ఆనోడ్, రావాల్సినంత కాలం రాకుండానే తేనెపట్టులా గుల్లబారుతుంది, అది అయిపోయాక డ్రైవ్ వంతు. ఎర్త్ వైరు కోసేస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే ససేమిరా వినకు, లీకేజీ వస్తే ప్రాణాలు పోతాయి. ఆ వైరులో గాల్వానిక్ ఐసోలేటర్ పెట్టాలి. చిన్న వోల్టేజీని ఆపుతుంది, లీకైన ఫాల్ట్ కరెంటుకి మాత్రం భూమిలోకి దారి ఇస్తుంది.

ఇక కాగితాల గొడవ. విదేశీ యాట్ ఇంకా తనిఖీ కాలేదని, ప్రవేశానికి అనుమతి కావాలని చెప్పే పసుపు క్యూ జెండా ఎగరేసి వస్తుంది. ఆరోగ్యం, ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్, పోర్టు తలా ఒక మూలన ఉంటే కెప్టెన్‌కి రోజంతా తిరగడమే పని. నలుగురినీ ఒకే గదిలో కూర్చోబెట్టగలిగితే అంతకన్నా మంచి ప్రచారం లేదు. గడువులు కూడా పొంతన కుదరాలి. యూరోపియన్ యూనియన్ చూడు: బయటి దేశస్థుడి యాట్‌ని పన్ను లేకుండా 18 నెలలు ఉంచుకోవచ్చు, కానీ షెంగెన్‌లో (మధ్యలో సరిహద్దు తనిఖీలు లేని యూరప్ దేశాల కూటమిలో) వీసా అక్కర్లేని అతిథి కూడా 180 రోజుల్లో 90 మాత్రమే ఉండాలి. మనిషి వెళ్ళిపోతాడు, పడవ మిగులుతుంది. అందుకే దాన్ని నీళ్ళలోంచి ఎత్తే ట్రావెల్ లిఫ్ట్, నిలబెట్టే గట్టి నేల, అడుగు గీకి రంగు వేసే మనుషులు కావాలి. నా లెక్కలో హోటల్ కన్నా అది ముందు.

టాయిలెట్ ట్యాంకుల్ని తోడేసే పంప్-అవుట్ పాయింట్ ఇంధనం బంకు పక్కనే పెట్టించు. దూరంగా పెడితే ఎవరూ వెళ్ళరు, రాత్రిపూట వాల్వు తిప్పి నీళ్ళలోకే వదిలేస్తారు.

నీ
శ్రీను