తీర రక్షక దళమూ సాయుధ బలగమే

సంపాదకుడు గారికి,

ఒడిశాలోని గోపాలపురం దగ్గర మా నోలియా (తెలుగు జాలర్ల) పల్లెలో ఒక కుర్రాడికి కోస్ట్ గార్డులో, అంటే తీర రక్షక దళంలో, నావిక్ (నావికుడి) ఉద్యోగం వచ్చింది. పెళ్లి సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్లు, ‘అది మిలిటరీ కాదు కదా, సముద్రం మీద పోలీసేగా’ అన్నారు. వాళ్లమ్మ చిన్నబుచ్చుకుంది. నాకూ బాధేసింది.

1978 నాటి కోస్ట్ గార్డ్ చట్టం ఈ దళాన్ని కేంద్ర సాయుధ బలగంగానే పేర్కొంది. అది ఉండేది రక్షణ శాఖ కింద, హోం శాఖ కింద కాదు. సైన్యం, నౌకాదళం, వైమానిక దళం సరసన నాలుగోదిగా చాలామంది చెప్పుకుంటారు. తేడా పనిలో ఉంది. నౌకాదళం యుద్ధానికి సిద్ధంగా ఉంటుంది. వీళ్లు శాంతికాలంలో తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా దొంగరవాణాను, దొంగవేటను ఆపుతారు, చమురు తెట్టును తొలగిస్తారు, మునిగే పడవల్లోని మనుషుల్ని ఒడ్డుకు చేరుస్తారు. ఋషికుల్య నది మొగకు గుడ్లు పెట్టడానికొచ్చే తాబేళ్లకు కాపలా కూడా వాళ్ల పనే. ఆ నెలల వేట నిషేధం మా పొట్ట మీద పడుతుంది, అయినా ఆ కాపలా అవసరమే.

2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను మా ఒడ్డునే తాకింది. గాలి లేచినప్పుడు నడిసంద్రంలో ఉన్నవాడికి దిక్కెవరో మాకు తెలుసు.

ఒక్క విన్నపం. ఆపదలో పిలవాల్సిన కోస్ట్ గార్డు నంబరు 1554. మా రేవుల్లో ముసలివాళ్లకు తెలుగు తప్ప మరో అక్షరం రాదు. గంజాం తీరంలోని ప్రతి రేవులో ఆ నంబరును, దాని పక్కన రెండు ముక్కల వివరాన్ని తెలుగులో పెద్దగా రాయించండి.

– ఒక మత్స్యకారుడు, గంజాం జిల్లా, ఒడిశా