ఎవరెస్టు దిగాక హిల్లరీ ఏం చేశాడు?

సంపాదకులు గారికి నమస్కారం.

ఏటా మే 29న మీ పేపర్లో ఓ చిన్న బాక్సు కనిపిస్తుంది. 1953లో ఇదే రోజున హిల్లరీ, టెన్సింగ్ ఎవరెస్టు ఎక్కారని. పక్కన మంచుగొడ్డలి పైకెత్తిన మనిషి ఫొటో. అది హిల్లరీ అనుకునేవాళ్లు చాలామంది. ఫొటోలో ఉన్నది టెన్సింగ్, తీసింది హిల్లరీ. టెన్సింగ్‌కు కెమెరా అలవాటు లేదని హిల్లరీ అనుకున్నాడు, శిఖరం మీద నిలబడి నేర్పడం కుదిరే పనా!

నా ఫిర్యాదు ఫొటో గురించి కాదు. ఆ బాక్సూ, నేను ముప్పై ఏళ్లు చెప్పిన సోషల్ పాఠమూ, పోటీపరీక్షల బిట్టూ అన్నీ శిఖరం మీదే ఆగిపోతాయి. అప్పటికి హిల్లరీ వయసు 33. ఆ తర్వాత ఇంకో 54 ఏళ్లు బతికాడు. అసలు కథ అక్కడుంది.

న్యూజిలాండ్‌లో తేనెటీగలు పెంచుకునే కుటుంబం ఆయనది. అంత కొండ ఎక్కినవాడికి లూయిజ్ అనే అమ్మాయిని పెళ్లికి అడగడానికి నోరు పెగల్లేదు. చివరికి కాబోయే అత్తగారే ఆయన తరఫున మాట్లాడి సంబంధం ఖాయం చేసింది. ముగ్గురు పిల్లలు. పెళ్లాంబిడ్డల్ని వెంటబెట్టుకుని హిమాలయాలకు వెళ్లేవాడు.

తనతో కొండలెక్కిన షెర్పాలను మీకేం కావాలని అడిగితే, మా పిల్లలకు బడి కావాలన్నారట. 1961లో నేపాల్‌లోని షెర్పాల ఊరు ఖుంజుంగ్‌లో బడి లేచింది. 1964లో లుక్లాలో విమానాలు దిగే రన్‌వే, 1966లో కుండేలో ఆసుపత్రి. విరాళాలకు దేశదేశాలూ తిరిగాడు, పనిదగ్గర తనూ సుత్తి పట్టాడు. షెర్పాలు ఆయన్ను 'బుర్రా సాబ్' అనేవారు. మనకి బుర్రంటే తలకాయ, అక్కడ పెద్దాయన అని అర్థం. లుక్లాలో విమానాలు దిగడం మొదలయ్యాక యాత్రికులు పోటెత్తి అడవులు వంటచెరకైపోతున్నాయని చూసి, అందులో తన పాత్రా ఉందని ఒప్పుకున్నాడు. మొక్కలు నాటించే పనికి పూనుకున్నాడు. మన నాయకుల్లో ఇలా ఒప్పుకున్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

1975 మార్చి 31న ఆయన నేపాల్‌లోనే ఫాఫ్లూలో ఆసుపత్రి కట్టిస్తున్నాడు. ఆయన దగ్గరికి బయల్దేరిన లూయిజ్, చిన్న కూతురు బెలిండా ఎక్కిన విమానం కాఠ్మాండూలో గాల్లోకి లేచిన కాసేపటికే కూలి, ఇద్దరూ పోయారు. ఆ దెబ్బ నుంచి హిల్లరీ చాలాకాలం కోలుకోలేదు. కానీ ఫాఫ్లూ ఆసుపత్రి పూర్తయింది. క్లాసులో ఈ భాగం చెబుతున్నప్పుడు నా గొంతు కూడా సరిగా వచ్చేది కాదు.

మనకీ ఆయనతో చుట్టరికం ఉంది. 1977లో కొడుకు పీటర్‌తో కలిసి గంగాసాగర్ నుంచి జెట్ బోట్లలో గంగకు ఎదురెక్కాడు. నందప్రయాగ దగ్గర జలపాతం అడ్డొచ్చేదాకా ఆగలేదు. 1985 నుంచి నాలుగేళ్లకు పైగా ఢిల్లీలో న్యూజిలాండ్ హైకమిషనర్‌గా ఉన్నాడు. 1990లో పీటర్ ఎవరెస్టు ఎక్కి, శిఖరం మీది నుంచే నాన్నకు ఫోన్ చేశాడు. 2008 జనవరి 11న హిల్లరీ పోయేనాటికి షెర్పాల కొండల్లో రెండు ఆసుపత్రులు, పాతికకు పైగా బళ్లు లేచాయి.

2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మలావత్ పూర్ణ పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. వేసవి సెలవులయ్యాక బడి తెరిచిన రోజు మా బళ్లో పండగే. ఆ తర్వాత నెలలపాటు పిల్లలు నన్ను ఎవరెస్టు ఎత్తెంత సార్ అనే అడిగారు, ఎక్కినవాళ్లు తర్వాత ఏం చేస్తారని ఒక్కరూ అడగలేదు. తప్పు వాళ్లది కాదు, మేం చెప్పింది అంతవరకే.

పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లు హిల్లరీ పాఠానికి ఇంకో పేజీ కలపాలని కోరుతున్నాను. అది ఎప్పటికవుతుందో గానీ, మీ చేతిలో పని ఒకటుంది. వచ్చే మే 29న ఆ బాక్సులో ఖుంజుంగ్ బడి ఫొటో వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచర్,
కోదాడ