ఆ బొమ్మలు ప్రదర్శనలో ఎందుకు పెట్టలేదంటే

తల్లిదండ్రులకు నమస్కారం.

మన బడి కౌన్సెలింగ్ గదిలో పిల్లలు వేసిన బొమ్మలను ప్రదర్శనలో పెట్టలేదేమని మొన్నటి సమావేశంలో కొందరు అడిగారు. కనీసం తమ పిల్లలవైనా చూపించమన్నారు. రెండింటికీ కుదరదన్నాను. ఎందుకో చెప్పవలసిన బాధ్యత నాది.

ఆ గదిలో రంగులు, బంకమట్టి, ఒక డప్పు, ఇసుక నింపిన తొట్టి, అందులో అమర్చుకోవడానికి చిన్న చిన్న మనుషులు, ఇళ్లు, జంతువులు ఉంటాయి. ఆ తొట్టి ఆటవస్తువే కాదు. 1920ల చివర్లో లండన్‌లో మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ అనే వైద్యురాలు పిల్లల చేత తమ లోకాన్ని ఇలాగే కట్టించి, వాళ్లు నోటితో చెప్పలేనిది అందులో చూసేవారు. డ్రాయింగ్ క్లాసులో బొమ్మ ఎంత బాగా కుదిరిందో చూస్తాం. ఇక్కడ ఆ లెక్కే లేదు. ఎవరో చూసి మెచ్చుకుంటారని తెలిస్తే చాలు, పిల్లలు మనకు నచ్చే బొమ్మే వేస్తారు.

ఇది నాకు ఇంట్లోనే తెలిసివచ్చింది. మా అబ్బాయి ఇప్పుడు పెద్దవాడు, వాడి అనుమతితోనే రాస్తున్నాను. వాడికి ఆరేళ్లప్పుడు తలుపు లేని ఇల్లు వేశాడు. "తలుపు మరిచిపోయావా నాన్నా?" అన్నాను. వెంటనే క్రేయాన్ తీసుకుని, కాగితం చిరిగేంత గట్టిగా ఒక తలుపు గీసి, నా ముఖంలోకి చూశాడు. ఆ తలుపు నా కోసం గీసింది. తలుపు లేని ఇంట్లో ఎవరున్నారో నేను అడగనే లేదు.

నలుపు రంగు వాడితే దిగులని, పెద్ద నోరు గీస్తే కోపమని అర్థాలు తీయకండి. ఒక్క బొమ్మ చూసి మనసు చెప్పడం శిక్షణ ఉన్నవారికి కూడా సాధ్యం కాదు. "దీని గురించి చెబుతావా?" అని అడిగి ఆగండి. చెప్పకపోతే వదిలేయండి. పిల్లలకు ప్రమాదం ఉందనిపించే విషయమేదైనా బయటపడితే మాత్రం కౌన్సెలర్ దాచరు, మీకు చెబుతారు.

పిల్లల వైద్యుడు, మనోవిశ్లేషకుడు డొనాల్డ్ వినికాట్ తన దగ్గరికి వచ్చిన పిల్లలతో ఒక ఆట ఆడేవారు. మీరూ ఆడవచ్చు. కళ్లు మూసుకుని ఒక పిచ్చిగీత గీయండి, దాన్ని మీ అమ్మాయి ఏదో ఒక బొమ్మగా మారుస్తుంది. తర్వాత గీత తనది, బొమ్మ మీది. మీకు బొమ్మలు రావా? ఇంకా మంచిది. వైద్యం చేస్తున్నామనుకోకుండా, పక్కన కూర్చోవడానికి ఆడండి.

పెద్ద తరగతుల పిల్లలు బొమ్మలకు మొహమాటపడతారు. వాళ్లకు రాత నప్పుతుంది. మనసును కలచిన విషయం గురించి రోజుకు 15 నిమిషాలు, వరుసగా నాలుగు రోజులు రాయించే పద్ధతిని జేమ్స్ పెన్నెబేకర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1986లో ప్రచురించారు. అక్షరదోషాల ఊసు అందులో ఉండదు. మీ పిల్లలు అలా రాసుకుంటుంటే ఆ పుస్తకం తెరవకండి. రాసిన కాగితం చించేసినా, ఏం రాశావని అడగకండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు