సైటు ఎందుకు మూసేశానంటే

గద్వాల నుంచి మా చీరలు తెప్పించుకునే అక్కలకు, అమ్మలకు నమస్కారం.

పోయిన మంగళవారం కర్నూలు నుంచి ఒక అక్క ఫోన్ చేసింది. "తమ్ముడూ, ఆ చిలకపచ్చ చీర తెరిస్తే ఏదో పెట్టె వచ్చి యూపీఐ పిన్ అడుగుతోంది, కొట్టమంటావా?" వద్దక్కా అన్నాను. పిన్ కొట్టాల్సింది మీ యూపీఐ యాప్‌లోనే. మేము ఎన్నడూ అడగం.

తెరిచి చూస్తే ఆ చీర కింద ఎవరో "చీర చాలా బాగుంది" అని రివ్యూ రాశారు. పైకి కనిపించేది ఆ మూడు మాటలే. వాటి వెనక చిన్న ప్రోగ్రాం అతికించి ఉంది. ఆ పేజీ తెరిచిన వాళ్ల ఫోన్‌లో అది నడుస్తుంది. దీన్ని క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ అంటారు. జనం రాసింది ఏదైనా సైటు ఉత్త అక్షరాలుగానే చూపించాలి. మా సైటు దాన్ని తన సొంత కోడ్ అనుకొని నడిపింది.

సైటు చేసిచ్చినతను ఆ రివ్యూ తీసేసి "అయిపోయిందన్నా" అన్నాడు. గట్టిగా అడిగితే, ఇట్లాంటి ప్రోగ్రాం మొదట్లో రాసే 'స్క్రిప్ట్' అనే మాట ఎవరూ రాయకుండా అడ్డం పెట్టాడు. ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు ఆ మాటే లేకుండా, లేని ఫొటో ఒకటి పెట్టి, పక్కన 'ఆన్ఎర్రర్' (ఫొటో రాకపోతే ఈ పని చెయ్యి అని) రాసి, నా కళ్ల ముందే మళ్లీ పెట్టె తెప్పించాడు. తర్వాత ఆర్డర్‌లో అడ్రస్ రాసే చోట కూడా అట్లాగే చేశాడు. ఈసారి పెట్టె లేచింది నేను ఆర్డర్లు చూసుకునే పేజీలో. మీ అందరి ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రస్‌లు ఉండేది అక్కడే. ఇది చెబితే అతనన్నాడు, "చిన్న షాపన్నా, నీ మీద ఎవడు పడతాడు?"

ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది. నూలు చీరకు పట్టు అంచు కలిపే చోట మా నేతన్నలు ఇటు పోగు అటు పోగు పెనవేసి నేస్తారు. అక్కడ ఒక్క పోగు తప్పినా నేను ఆ చీర అమ్మను. అట్లాంటి చీరను ఇట్లాంటి సైటులో పెట్టి అమ్మాలా?

దసరా మూడు వారాలే ఉంది. పదకొండు మగ్గాలు సైటు ఆర్డర్ల మీదే నడుస్తున్నాయి. రెండు రాత్రులు నిద్ర లేదు. రివ్యూలు మాత్రం ఆపి అమ్మకాలు సాగిద్దామా అంటే, అడ్రస్ పెట్టె సంగతేంటి? శుక్రవారం పొద్దున మగ్గాల ఇళ్లకు వెళ్లి, కూలి ఆగదని చెప్పి, వచ్చి సైటు మూసేశాను.

ఆ పేజీ చూసినప్పుడు లాగిన్ అయి ఉన్న తొమ్మిది మందికి నేనే ఫోన్ చేశాను. డబ్బులు పోయినవాళ్లు లేరు. లాగిన్ కాకుండా చూసినవాళ్లు ఎవరో నాకు తెలిసే దారి లేదు. అక్కడ పిన్ కొట్టి ఉంటే ఇప్పుడే మార్చేసి బ్యాంకుకు చెప్పండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అందరినీ లాగౌట్ చేశాను. మా దగ్గరి పాస్‌వర్డే ఇంకెక్కడైనా వాడుతుంటే అక్కడ కూడా మార్చండి.

పని వేరేవాళ్లకు ఇచ్చాను. లాగిన్ అయింది మీరేనని సైటు గుర్తుపట్టడానికి మీ ఫోన్‌లో ఉంచే గుర్తును, అంటే లాగిన్ కుకీని, స్క్రిప్టులు చదవకుండా కట్టడి చేస్తున్నారు. రాసే ప్రతి పెట్టెనూ బయటివాళ్లతో పరీక్ష చేయించాకే తెరుస్తాను, దసరా దాటినా సరే. అంతదాకా వాట్సాప్ వీడియోలో చీరలు చూపిస్తాను. డబ్బు కట్టిన ఆర్డర్లు ఎప్పటిలాగే వస్తాయి.

మీ పాత రివ్యూలన్నీ నోట్‌బుక్కులో రాయించి పెట్టాను. సైటు తెరిచిన రోజు ఎవరి మాట వాళ్ల పేరు కిందే ఉంటుంది.